ఒక్క ‘వద్దు’ కోసం

సకల ఉద్యోగిజన హృదయవిదారకమైన సోమవారము నాడు, సూర్యుడు తన ఏడు గుర్రాల రథాన్ని అద్దాల మేడ ఆరో అంతస్తు దాకా తోలుకొచ్చి, కిటికీ తెరలన్నీ మూసి ఉండటం వల్ల లోపలికి దారి దొరక్క వెనుదిరిగిన వేళ. టీ యంత్రము మృగరాజు వలె గర్జించి, తీరా చూస్తే పిల్లికూనకు చాలినంత ద్రవమును కాగితపు కప్పులోనికి విడిచిన వేళ. చల్లగాలి మరల క్రింద ఆడవారు శాలువాలూ మగవారు బింకమూ కప్పుకొని కూర్చున్న వేళ, అమ్మా, వాగ్దేవీ, ఒక్కసారి ఇటు దయచేయుము. ఈ కార్యాలయంలో కొన్నేళ్లుగా నీకు జరుగుతున్న అవమానం నీ చెవిన పడినట్టు లేదు. పడి ఉంటే వీణ పక్కన పెట్టి చీపురు పట్టుకొని వచ్చేదానివి.

ఇక్కడ చెప్పబోయేది రాజ్యం కోసం జరిగిన యుద్ధం కాదు. రాజ్యాల కోసం యుద్ధాలు ఎవరైనా చేస్తారు. ఇది రెండక్షరాల మాట ఒకటి ఒక వాక్యం చివర నిలబడటానికి జరిగిన సంగ్రామం.

కథానాయికను ఆ ఆఫీసులో అందరూ రాతమ్మ అంటారు. ఆమె పని రాయడం: ఏ మీట నొక్కితే ఏమవుతుందో, ఏది నొక్కకపోతే బతికిపోతామో, కొన్నవారికి అర్థమయ్యేటట్టు రాయడం. అక్షరాయుధధారిణి, అల్పవిరామ సంధాన చతుర, అనవసర విశేషణ సంహారిణి. నలభై దాటిన మనిషి. ఇన్ని బిరుదులున్న ఆ వీరనారికి ఒక్కటే లోపం. ఎదుటి మనిషి ముఖం చూస్తూ ‘వద్దు’ అనలేదు. పుట్టింట్లో ఆ మాట నేర్పలేదు, అత్తింట్లో అవసరం ఉందని ఎవరూ అనుకోలేదు. కాగితం మీద మాత్రం ఎంతటివారికైనా రాసేయగలదు.

ఆ కంపెనీ అమ్మేది పనుల బోర్డు. ఎవరి పని ఏది, ఎంతదాకా వచ్చింది, ఎవరి దగ్గర ఆగింది అని రంగురంగుల గడుల్లో చూపించే సాఫ్ట్‌వేర్. లోకంలోని పనులన్నీ సవ్యంగా నడిపిస్తామని చెప్పే ఆ కంపెనీలో ఏ పనీ సవ్యంగా నడవదని వేరే చెప్పనక్కర్లేదు. వైద్యుడి ఇంట్లోనే దగ్గు ఎక్కువ.

ఈ బోర్డుకు ఈమధ్య ఒక ఏఐ సహాయకుణ్ణి తగిలించారు. పేరు చేదోడు. మామూలు మాటల్లో ఏదైనా అడిగితే చేసిపెడుతుంది. దానికి చేతులు లేవు గనుక చేతులుగా కొన్ని పనిముట్లు ఇచ్చారు; ఒక్కో పనిముట్టుకూ ఒక పేరు, పేరు కింద రెండు మూడు వాక్యాల వివరణ. ఎవరేది అడిగినా చేదోడు ఆ వివరణలన్నీ చదువుకొని, ఏ పనిముట్టు తీయాలో నిర్ణయించుకుంటుంది. ఆ వాక్యాలే దానికి కళ్లు, ఆ వాక్యాలే బుద్ధి. వివరణలో లేని సంగతి దానికి లోకంలోనే లేదు.

ఈ విషయంలో అది రాతమ్మ భర్తకు సాటి.

ఆయన చెడ్డవాడు కాదు. ఆరేసిన బట్టలు తీయమంటే తీస్తాడు. మడతపెట్టమని చెప్పలేదు గనుక కుర్చీ మీద గుట్ట పోస్తాడు. ఒకసారి రాతమ్మ ఊరెళుతూ “బట్టల సంగతి కాస్త మీరు చూసుకోండి” అంది. ఆయన చూసుకున్నాడు. తిరిగొచ్చేసరికి ఆమె ఉన్ని కోటు మరిగే నీళ్లలో తిరిగి తిరిగి బొమ్మకు తొడిగే సైజుకు వచ్చింది. ఆ రోజే ఆమె వాషింగ్ మెషీన్ మూత మీద ఒక కాగితం అతికించింది. ‘ఇది నూలు బట్టలు ఉతకడానికి. ఉన్నివి ఇందులో వేయవద్దు. తెల్లవాటితో రంగువి కలపవద్దు. ఏదో తెలియకపోతే వేసేముందు నన్ను అడగండి.’ ఆ తర్వాత ఆ ఇంట్లో ఒక్క బట్ట కూడా అకాలమరణం పాలు కాలేదు. ఏ పనిముట్టు కిందైనా రాయవలసినదంతా ఆ నాలుగు ముక్కల్లోనే ఉందని రాతమ్మ నమ్మకం: ఇది ఏం చేస్తుంది, దేనికి వాడాలి, దేనికి వాడకూడదు, తెలియకపోతే ఏం చేయాలి.

కానీ ఆ కంపెనీలో వాక్యం రాసేది ఒకరు, దానికి ప్రాణం పోసేది, అనగా తీసేది, వేరొకరు.

అదే గొంతు సంఘం. కంపెనీ నుంచి బయటికి పోయే ప్రతి అక్షరమూ ఈ సంఘం అనుమతి పొందవలెను. కంపెనీ గొంతు ఎల్లవేళలా చిరునవ్వుతో ఉండాలన్నది దాని మూలసూత్రం. ఆ సూత్రం నుంచి పుట్టిన ఏకైక శాసనం: వద్దు, కాదు, లేదు, రాదు, కూడదు అనే మాటలు ఏ వాక్యంలోనూ కనపడరాదు. ఆ శాసనాన్ని కూడా ‘కనపడరాదు’ అనకుండా ‘ఇటువంటి మాటలకు మన మౌనాన్ని కానుకగా ఇద్దాం’ అని రాసుకున్నారు. సంఘాధిపతి నిండైన మనిషి, ఇస్త్రీ మడత చెదరని చొక్కా, ముఖాన ఆరని మందహాసం. ఆఫీసంతా ఆయనను చాటున శుభవాక్కు అంటుంది. ఆ సంగతి ఆయనకు తెలుసు. పొగడ్త అనుకుంటాడు.

ఆయన ప్రతాపం సామాన్యమైనది కాదు. లిఫ్టు పక్కన ‘మంటలు లేచినప్పుడు లిఫ్టు వాడవద్దు’ అన్న పలకను తీయించి, ‘మెట్లు మీ గుండెకు మిత్రులు’ అని పెట్టించినవాడు. నాలుగో అంతస్తులో మరుగుదొడ్డి చెడిపోయినప్పుడు తలుపు మీద ‘ఈ గది విశ్రాంతి తీసుకుంటోంది’ అని రాయించినవాడు. అది చదివి జనం ముచ్చటపడి లోపలికి వెళ్లారు. తర్వాతి సంగతి శుభ్రం చేసినవాళ్లను అడగాలి.

చేదోడు పనిముట్లు ఆ మహానుభావుడి చేతిలో పడ్డాయి. అందులో రెండు ముఖ్యమైనవి. ఒకటి, ఎవరి దగ్గర ఎంత పని ఉందో, ఎవరు ఖాళీగా ఉన్నారో చూపిస్తుంది; చూపించి ఊరుకుంటుంది. రెండోది, ఒకరి పేరు మీదున్న పనులను తీసి ఇంకొకరి పేరు మీద వేస్తుంది. శుభవాక్కు మొదటిదానికి ‘వెలుగు’ అని, రెండోదానికి ‘వెల్లువ’ అని నామకరణం చేశాడు. వెలుగు కింద, ‘జట్టు భారాన్ని సమతూకంలో నిలిపి ప్రతి సభ్యుణ్ణీ కొత్త శిఖరాలకు చేర్చే ఆత్మీయ సాధనం.’ వెల్లువ కింద, ‘జట్టు భారాన్ని సమతూకంలో నిలిపి ప్రతి సభ్యుణ్ణీ కొత్త శిఖరాలకు చేర్చే అద్భుత సాధనం.’

రెండు తలుపులకూ ఒకే పూలదండ. ఒక తలుపు వెనక బాల్కనీ ఉంది, రెండో తలుపు వెనక బాల్కనీ ఇంకా కట్టలేదు.

*

ఆ సోమవారం జట్టు నాయకుడు, అతణ్ణి సారథి అందాం, కుర్చీలోంచి లేవకుండా జట్టును నడిపించగల సమర్థుడు, తన తెర ముందు కూర్చొని చేదోడును అడిగాడు: ఈ వారం ఎవరు ఖాళీగా ఉన్నారు?

తల ఎత్తి చూస్తే ఎవరు ఖాళీగా ఉన్నారో కనిపించేదే. కానీ తల ఎత్తడం పాతకాలపు పద్ధతి.

చేదోడు వివరణలు చదివింది. ఆత్మీయమా, అద్భుతమా అని క్షణకాలం ఆలోచించింది. అద్భుతానికే మొగ్గింది. వెల్లువను చేపట్టి, జట్టులో అందరికంటే తక్కువ పని ఉన్న మనిషిని వెతికి, అటకెక్కిన పనులు, అడ్డం తిరిగిన పనులు, ఎవరూ ముట్టుకోక గడువు దాటి ఎర్రబడిన పనులు, అన్నిటినీ కుండపోతగా ఆ మనిషి నెత్తిన కురిపించింది.

ఆ మనిషి పురుడు పోసుకొని సెలవులో ఉంది. అందుకే ఆమె గడి ఖాళీగా ఉంది.

ఆమె రాతమ్మకు స్వయానా తోడికోడలు. మరిది భార్య; అదే కంపెనీలో సాఫ్ట్‌వేర్‌లో లోపాలు పట్టే ఉద్యోగం. ఒకే మేడలో రాతమ్మది కిందివాటా, ఆమెది పైవాటా. సెలవు ముగిసి రాగానే లోపాలు పట్టే జట్టుకు ఆమే పెద్ద అవుతుందని ఖాయమైపోయింది. కాకపోతే ఖాయం చేసేది మనుషులు కాదు, బోర్డు. ఈ శుక్రవారం సాయంత్రం అర్ధసంవత్సరపు లెక్క గడ్డకడుతుంది, ఆపైన మార్చడం కుదరదు. ఆ వేళకు ఎవరి గడిలో ఎర్ర పనులు ఎక్కువ ఉంటే వారు ఆలస్యపరులు. ఎందుకు ఎరుపు, ఎవరు పూశారు ఆ ఎరుపు అని బోర్డు అడగదు. బోర్డు చూసి నిర్ణయించేవారు అసలే అడగరు.

మధ్యాహ్నానికల్లా పైవాటాలో ఫోన్ చప్పుడుకు చంటివాడు మూడోమారు ఉలిక్కిపడి లేచాడు. తోడికోడలు ఆఫీసులో ఉన్న రాతమ్మకు ఫోన్ చేసింది.

“అక్కా, నేను సెలవులోనే ఉన్నానా?”

“ఉన్నావు. ఏమైంది?”

“మరి నాకు పాస్‌వర్డ్ మర్చిపోయినవాళ్ల పేజీ ఎందుకు అప్పగించారు? వాడికి పాలిస్తూ పరీక్షించమనా?”

రాతమ్మ సారథి దగ్గరికి వెళ్లింది. సారథి నిజంగానే నొచ్చుకున్నాడు. నొచ్చుకోవడంలో ఆయనకు మంచి సాధన ఉంది.

“అయ్యో. వెనక్కి తీసేయండి మేడమ్.”

“తీసేశానండి. రేపు మీరు మళ్లీ అడిగితే మళ్లీ పడతాయి.”

“అడగకుండా ఎట్లా? చేదోడు వాడకం తగ్గిందంటే పైవాళ్లు ఊరుకోరు.”

“నన్ను అడగండి. ఎవరు ఖాళీయో నేను చెబుతా.”

“మిమ్మల్ని అడిగితే వాడకం కిందికి రాదు కదండీ.”

అక్కడి నుంచి పనిముట్లు తయారుచేసిన ప్రోగ్రామర్ దగ్గరికి వెళ్లింది. అతను చెవుల్లోంచి ఇయర్‌ఫోన్ ఒకటి తీసి, రెండోది ఉంచుకొని విన్నాడు.

“కోడ్‌లో తప్పేం లేదు మేడమ్. వెల్లువని పిలిస్తే వెల్లువ పని చేస్తుంది.”

“పిలవకూడనప్పుడు పిలుస్తోంది నాయనా.”

“అది వివరణ సంగతి. వివరణ మీది.”

“నాది కాదు. గొంతు సంఘానిది.”

“అయితే వాళ్లది,” అని అతను రెండో ఇయర్‌ఫోన్ కూడా పెట్టుకున్నాడు.

ఆ విధముగా రణరంగము నిర్ణయమైనది. రాతమ్మ తన ఆసనమును అధిష్ఠించి, కళ్లద్దాలు తుడిచి, అంగుళులు విరిచి, కీబోర్డు అనే కోదండమును సారించి, నారిని ఆకర్ణాంతము లాగి, వెల్లువ కోసం ఈ వాక్యాలను సంధించింది. ‘ఇది ఒక పనిని ఒకరి పేరు నుంచి ఇంకొకరి పేరుకు మారుస్తుంది. ఎవరికి మార్చాలో పేరు చెప్పినప్పుడే వాడాలి. ఎవరు ఖాళీ అని అడిగినప్పుడు దీన్ని వాడవద్దు. దానికి వెలుగు ఉంది. సెలవులో ఉన్నవారికి పనులు మార్చవద్దు. పేరు చెప్పకపోతే ముందు అడగాలి.’

ఏ అలంకారమూ లేదు. ఉన్నదంతా ఎముకే. సంఘానికి పంపింది.

మంగళవారం ఆ వాక్యాలు తిరిగి వచ్చాయి. వెళ్లినవి వేరు, వచ్చినవి వేరు. యుద్ధానికి వెళ్లిన సైనికుడికి పట్టుపంచె కట్టి, గంధం పూసి, కత్తి లాక్కొని ఇంటికి పంపినట్టుగా ఉంది. ‘జట్టు భారాన్ని సమతూకంలో నిలుపుతూ, విశ్రాంతిలో ఉన్న సభ్యులను మనసారా గౌరవించే అద్భుత సాధనం.’ కింద శుభవాక్కు ఒక మాట జోడించాడు: ‘మీ ఆవేదనను పూర్తిగా పొందుపరిచాం.’

బుధవారం ఉదయం సారథి చేదోడును యథావిధిగా అడిగాడు. చేదోడు కొత్త వివరణను శ్రద్ధగా చదివింది. దానిలో ఒక్క లోపమూ లేదు. చెప్పినది చెప్పినట్టు చేసే సద్గుణమే దానికున్నది. పైవాటాలో ఫోన్ మోగింది.

ఆ సాయంత్రం రాతమ్మ మెట్లెక్కి వెళ్లేసరికి తోడికోడలు చంటివాణ్ణి భుజాన వేసుకొని తడుతూ, రెండో చేత్తో ఫోన్ అందించింది. ‘మీ విశ్రాంతిని మనసారా గౌరవిస్తూ, ఈ క్రింది పనులు మీకు అప్పగించడమైనది.’ క్రింద ఎంత జరిపినా పనులు అయిపోలేదు.

“అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందట ఒకావిడ. నాకూ అట్లానే ఉంది. అప్పగించినందుకు కాదక్కా, గౌరవించినందుకు మండుతోంది.”

“నేను నవ్వలేదమ్మా.”

“నువ్వు నవ్వవు. శుక్రవారం లెక్క చూసి నవ్వేవాళ్లు నవ్వుతారు. ‘పిల్లాడు పుట్టాక ఈమె వల్ల కావడం లేదు పాపం’ అంటారు. ఆ పాపం అనే మాట విన్నాక ఇంక ఆ కుర్చీ నాకెవరిస్తారు?”

“రోజూ వెనక్కి తీస్తున్నా కదా.”

“పొద్దున నువ్వు తీస్తావు, నువ్వు తీసేలోపు వీడు లేస్తాడు. మళ్లీ మర్నాడు అదే పాట. ఒక్క ముక్క రాయలేవా అక్కా దానికి, నా జోలికి రావద్దని?”

“రాశాను. తీసేశారు.”

“ఎందుకు?”

“వద్దు అనే మాట బాగుండదట.”

తోడికోడలు చంటివాడి వీపు మీద తట్టడం ఆపేసింది. “పోయి చెప్పు అక్కా ఆయనకి, ముఖం మీద.”

ముఖం మీద. అక్కడే ఉంది చిక్కంతా.

*

గురువారం రాతమ్మ గొంతు సంఘం వారి గాజుగదికి వెళ్లింది. శుభవాక్కు లేచి నిలబడి కుర్చీ చూపించాడు. ఎవరినైనా కూర్చోబెట్టి ఓడించడం ఆయన పద్ధతి.

“రండి రండి. మీ వాక్యాలు చదివాను. చాలా... నిక్కచ్చిగా ఉన్నాయి.”

“చదివేది యంత్రం సార్. దానికి నిక్కచ్చిగా చెప్పకపోతే తెలియదు.”

అంతట ఆ మధురభాషణ సార్వభౌముడు కంఠము సవరించుకొని, కిటికీ వైపు, అనగా మూసిన తెర వైపు, చూపు సారించి ఇట్లు వచించెను: “రాతమ్మగారూ, భాష అంటే ఏమిటి? ఒక ఆహ్వానం. మనం తలుపులు తెరిచేవాళ్లం. ఒక్కసారి వద్దు అన్నామంటే ఒక తలుపు మూసినట్టు. వినియోగదారుడి మనసు చివుక్కుమంటుంది. రేపు ఆ యంత్రం కూడా మన గొంతుతోనే లోకంతో మాట్లాడుతుంది. దానికి మనం పెంపకంలోనే వద్దు, కూడదు అని నేర్పితే అది ఎటువంటిది అవుతుందో ఊహించండి.”

రాతమ్మ ఊహించింది. సెలవులో ఉన్న బాలింతను వదిలిపెట్టేటటువంటిది అవుతుంది.

అప్పుడామె కన్నులెర్రజేసి, సింహాసనము వంటి ఆ చక్రాల కుర్చీ నుండి దిగ్గున లేచి, గాజుగోడలు ప్రతిధ్వనింప ఇట్లు గర్జించెను: “ఓయీ శర్కరాలిప్త వాగ్జాల ధురంధరా, నిరర్థక విశేషణ కుంభవృష్టి కారకా, తలుపులన్నీ తెరిచి ఉంచినవాని ఇంటిలో కుక్కలు తప్ప మిగిలినదేమున్నది? మంచుకొండ అంచున నిలిచి ముందుకు రమ్మని పిలుచు మందహాసము నీది. అంధుని చేతికి పూలగుత్తినిచ్చి ఊతకర్రను లాగికొను దయ నీది. ఒక్క నిషేధము పలుకలేని నోరు నోరు కాదు, తలుపు లేని గుమ్మము. ఇదిగో నా లేఖిని, ఇదిగో నా ప్రతిన!”

అని, ఇదంతా మనసులోనే గర్జించి, పైకి “సరే సార్, చూద్దాం” అంది.

“చూద్దాం,” అన్నాడాయన సంతోషంగా. “ఇంకో మాట. వాక్యాలు ఇట్లా చేతికి తెచ్చివ్వడం, విడిగా పంపడం మన నియమావళిలో లేదండి. ఆమోదానికి వచ్చే ప్రతి వాక్యమూ బోర్డు మీద పనిగా నమోదు కావాలి, ఆమోదించేవారి పేరు మీద. మీరైనా పాటించకపోతే ఎట్లా?”

ఆ నియమం రాసింది ఆయనే. దాన్ని ఏ ఒక్కరూ పాటించలేదు, ఎందుకంటే బోర్డు మీద ఆయన పేరే లేదు. పనుల బోర్డు అమ్మే కంపెనీలో ఆ బోర్డు మీద పేరు లేకుండా బతకడం ఆయన సాధించుకున్న సౌభాగ్యం.

రాతమ్మ గుమ్మం దాకా వెళ్లి ఆగింది. పాతికేళ్లుగా చెప్పినట్టు చేస్తున్న మనిషి ఆమె. చెప్పినట్టు చేసేవారితో ఎంత ప్రమాదమో ఈ వారమంతా చేదోడును చూస్తూ నేర్చుకుంది.

“నియమం ప్రకారమే చేస్తాను సార్,” అంది.

తన చోటికి వెళ్లి, సారథి జట్టు బోర్డులో సభ్యుడిగా శుభవాక్కును చేర్చింది. ఆయన పేరు మీద ఒకే ఒక్క పని వేసింది: ‘వెల్లువ వివరణను ఆమోదించుట.’ సారథి అనుమతి అడిగితే, గొంతు సంఘమంతటిది తన బోర్డు మీదికి విచ్చేసినందుకు ఆయన పొంగిపోయి నొక్కేశాడు.

శుక్రవారం ఉదయం రాతమ్మ రోజూ చేసే పని ఒకటి చేయలేదు. పైవాటా మీద పడిన పనులను వెనక్కి తీయలేదు. తోడికోడలి గడి నిండా ఎర్రగా, కుంకుడు నురగ పొంగినట్టు పనులు పొంగుతున్నాయి. సాయంత్రానికి లెక్క గడ్డకడుతుంది. అనుకున్నది జరగకపోతే ఆ ఎరుపు అట్లాగే ఉండిపోతుంది, తన చేతులతో ఉంచినట్టు అవుతుంది. టీ యంత్రం దగ్గర కప్పు పట్టుకొని, గడియారం వంకే చూస్తూ నడిచి తలుపుకు గుద్దుకుంది. కప్పు నిండుగా లేకపోవడం ఒక్కటే ఆ యంత్రం చేసిన మేలు.

*

సమావేశ మందిరంలో సారథి, ప్రోగ్రామర్, రాతమ్మ ఒకవైపు. శుభవాక్కు ఒక్కడే రెండోవైపు, ఎందుకంటే ఆయన ఒక్కడే ఒక వైపుకు సరిపడా ఉంటాడు. గోడ మీద తెరలో బోర్డు.

“ఈ వివరణ మీద చిన్న అనుమానం ఉందని మేడమ్ అంటున్నారు,” అన్నాడు సారథి, ఎవరి వైపూ చూడకుండా.

“అనుమానమెందుకు? అడిగి చూడండి, ఎంత అందంగా జవాబిస్తుందో,” అన్నాడు శుభవాక్కు.

సారథి అడిగాడు. ఈ వారం ఎవరు ఖాళీగా ఉన్నారు?

దిక్కులు స్తంభించినవి. చల్లగాలి మర శ్వాస బిగబట్టినది. చేదోడు వివరణలు చదివింది, అద్భుతమైనదాన్నే ఎంచుకుంది, జట్టు భారాన్ని సమతూకంలో నిలపడానికి నడుం బిగించింది. గడులన్నీ పరికించింది. పైవాటాలోని గడి పొంగిపోతోంది. ఒకే ఒక్క పనితో, ప్రశాంత సరోవరము వలె, ఎవరి గడియో కొత్తగా మెరుస్తోంది.

శుభవాక్కు జేబులో చిన్న వేణునాదం వినిపించింది. ఆయన ఫోన్ స్వరం అది. చిరునవ్వుతోనే తీసి చూశాడు. మళ్లీ మోగింది. మళ్లీ. ఆపైన ఒక నాదానికీ ఇంకో నాదానికీ మధ్య ఖాళీ లేకపోయింది. పిచ్చి పట్టిన గొల్లవాడెవడో ఆ జేబులో దూరి ఊదుతున్నట్టుంది. గోడ మీది తెరలో ఎర్రగడులన్నీ బారులు తీరి, రథ గజ తురగ పదాతులై, తోడికోడలి పేరు విడిచి ఆయన పేరు వైపు తరలిపోతున్నాయి.

“ఇదేంటి? పాస్‌వర్డ్ మర్చిపోయినవారి పేజీ... నాకా?”

“మీకే సార్,” అన్నాడు ప్రోగ్రామర్. ఈసారి రెండు ఇయర్‌ఫోన్లూ తీసి బల్ల మీద పెట్టాడు.

“గడువు దాటింది అంటోంది. ఎర్రగా ఉన్నాయేంటి ఇవన్నీ?”

“సాయంత్రం లెక్క గడ్డకడుతుంది కదండీ,” అన్నాడు సారథి, ఈసారి నిజంగానే నొచ్చుకుంటూ. “మీ పేరు మీద...”

“నా పేరు మీదా?” మందహాసము తొలిసారి ఆ ముఖము నుండి జారి, ఎక్కడ పడినదో తెలియలేదు. ఆయన ఫోన్ దగ్గరకు తెచ్చుకొని, చేదోడుతో నేరుగా మాట్లాడే మీట నొక్కి అన్నాడు: “వద్దు. ఇవి నావి కాదు. నాకు వద్దు.”

చేదోడు తటపటాయించలేదు. ‘మీ అభిప్రాయాన్ని మనసారా గౌరవిస్తూ, మిగిలిన పనులు కూడా మీకు అప్పగించడమైనది.’

“దీన్ని ఆపండి ఎవరైనా.”

అప్పుడు రాతమ్మ ఆయన ముఖం వంక చూసింది. చూపు దించుకోలేదు. మామూలు గొంతుతో, వంటింట్లో స్టవ్ కట్టేయమన్నట్టు, అంది: “ఆపే మాట ఒకటే ఉంది సార్. మీరిప్పుడు రెండుసార్లు అన్నారు. అదే రాసుకుందాం.”

ఆ తర్వాత జరిగిన సంధి చర్చలను వర్ణించడానికి ఓపిక కావాలి. శుభవాక్కు వద్దుకు బదులు ‘దయతో విరమించుకుందాం’ అని చూశాడు. ‘పరిహరించుట శ్రేయస్కరం’ అని చూశాడు. ఒక్కో ప్రతిపాదనకూ రాతమ్మ “వద్దు సార్” అంది. మొదటిసారి అన్నప్పుడు ఆమె చెవులు వేడెక్కాయి. రెండోసారికి అలవాటైపోయింది. జేబులో వేణువు ఊదుతూనే ఉంది. చివరికి ఆ మహానుభావుడు, రాజ్యంలో సగం ధారాదత్తం చేస్తున్నట్టు, తీర్పు చెప్పాడు: ఒక్క పనిముట్టులో, ఒక్క వాక్యంలో, ఒక్కసారి మాత్రం వద్దు అనే మాట అనుమతించబడును. ప్రయోగాత్మకంగా. ఆరు నెలల తర్వాత పునఃపరిశీలన.

“రెండు చోట్ల కావాలి సార్. ఖాళీ ఎవరని అడిగినప్పుడు ఒకటి, సెలవువాళ్లకి ఒకటి.”

“ఒక్కటే.”

వేలెడంత భూమి ఇచ్చి ఇందులోనే ఇల్లు కట్టుకో అన్నట్టుంది. కానీ రాతమ్మ చిన్న వంటింట్లో పెద్ద సంసారం నడిపిన మనిషి. ఒకే పొయ్యి మీద రెండు గిన్నెలు ఎట్లా పెట్టాలో ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు. కీబోర్డు దగ్గరికి లాక్కొని రాసింది:

‘ఇది ఒక పనిని ఒకరి పేరు నుంచి ఇంకొకరి పేరుకు మారుస్తుంది. ఎవరు ఖాళీ అని అడిగినప్పుడు గానీ, సెలవులో ఉన్నవారి పేరు మీదికి గానీ దీన్ని వాడవద్దు. ఎవరికి మార్చాలో చెప్పకపోతే ముందు అడగాలి.’

శుభవాక్కు వాక్యమంతా వెతికాడు. వద్దు ఒక్కటే ఉంది. ‘వెల్లువ వివరణను ఆమోదించుట’ అనే పనిని, తన ఉద్యోగ జీవితంలో బోర్డు మీద తాను పూర్తి చేసిన మొట్టమొదటి పనిని, ఆయన నొక్కాడు.

సారథి మళ్లీ అడిగాడు. ఈ వారం ఎవరు ఖాళీగా ఉన్నారు?

చేదోడు చదివింది. వెల్లువ వైపు చెయ్యి చాపి, వాక్యం చివర కాపలా నిలబడ్డ ఆ రెండక్షరాలను చూసి, చెయ్యి వెనక్కి తీసుకుంది. వెలుగును తీసింది. ఇద్దరి పేర్లు చెప్పింది. ఫలానా ఆమె సెలవులో ఉన్నారని చెప్పింది. చెప్పి ఊరుకుంది.

ఊరుకుంది. ఆ ఊరుకోవడం కోసమే ఇంత యుద్ధం.

శుభవాక్కు పేరు మీద పడ్డ పనులను ఒక్కొక్కటిగా వాటి అసలు మనుషులకు తిరిగి పంచవలసి వచ్చింది. అందుకోసం సారథి తన కుర్చీలోంచి లేచాడు. బల్లబల్లకూ తిరిగి, మనుషుల ముఖాలు చూసి, ఇది నీదేనా అని అడిగాడు. కొందరు ఆయన నిలువెత్తు రూపాన్ని అదే మొదటిసారి చూశారు. సాయంత్రం లెక్క గడ్డకట్టే వేళకు తోడికోడలి గడి కడిగిన గిన్నెలా ఉంది.

ఇంటికి బయలుదేరబోతుండగా అందరికీ గొంతు సంఘం నుంచి ఒక ప్రకటన వచ్చింది. ‘సంఘం చేపట్టిన వినూత్న ప్రయోగం’ అని శీర్షిక. వద్దు అనే మాటను సాహసోపేతంగా స్వీకరించిన తొలి సంస్థగా కంపెనీ చరిత్ర సృష్టించిందని అందులో ఉంది. రాతమ్మ పేరు లేదు. ఆమె ఒకసారి చదివి, ఒక అల్పవిరామం తప్పు చోట పడిందని గమనించి, మూసేసింది.

మెట్లెక్కి పైవాటాకు వెళ్లింది. చంటివాడు మంచం మధ్యలో కాళ్లూ చేతులూ చాపుకొని నిద్రపోతున్నాడు. తోడికోడలు గొంతు తగ్గించి అంది: “పొద్దున ఒక్కసారి మోగి ఆగిపోయింది అక్కా. ఫోన్ పాడైందేమోనని ఆపి మళ్లీ పెట్టాను.”

“పాడవలేదు. నీ జోలికి రావద్దని రాశాను.”

“ముఖం మీద చెప్పావా?”

“రెండుసార్లు.”

తోడికోడలు నవ్వింది. తోడికోడలు నవ్వినందుకు సంతోషించిన స్త్రీ చరిత్రలో ఈమె ఒక్కతే కావచ్చు.

కింద నుంచి రాతమ్మ భర్త మెట్లెక్కి వచ్చాడు. చేతిలో చంటివాడి చిన్న చొక్కా. “ఇది ఉన్నిదా, నూలుదా?” అని అడిగాడు. “తెలియకపోతే వేసేముందు అడగమని రాసి ఉంది.”

ఇతి. ఏనుగులు కూలలేదు, కోటలు కూలలేదు, కంపెనీ అయితే అసలే కూలలేదు. అయినను, ఓ శ్రోతలారా, ఈ కథను శ్రద్ధగా చదివినవారికి మీద పడబోయే పనులు పక్కకు తొలగుగాక. ‘అద్భుత’ అను మాట రాయబోవువారికి వేళ్లు తిమ్మిరెక్కుగాక. చెడిన మరుగుదొడ్డి తలుపు మీద చెడినదని రాసియుండుగాక. దశదిశలా భేరీలు మోగించి చాటుడు: వీరనారి రాతమ్మ ఆరు నెలల గడువుకు, ప్రయోగాత్మకముగా, ఒక వాక్యమును జయించినది. దాని కొసన ఆ వద్దు, పక్కన చుక్క పెట్టుకొని, ఈ క్షణమునకూ నిలబడియే ఉన్నది.